పటం, పట్నం, పడిగె

బొమ్మను గోడకు తగిలించి, ఎదురుగా నిలబడి, మాట్లాడకుండా చూసి వెళ్లడం తెలంగాణ పల్లెకు ఈ మధ్య వచ్చిన అలవాటు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో బొమ్మకు ఒక వేళ ఉండేది, ఒక పాట ఉండేది. దాన్ని విప్పే హక్కున్న ఇంటివాళ్లు వేరే ఉండేవాళ్లు. వేళ కానప్పుడు అది చుట్టుకుని పెట్టెలోనో, ఇంటి దూలానికి వేలాడుతూనో ఉండేది. గుడ్డ మీద గీసింది పటం, నేల మీద రంగుపొళ్లతో వేసింది పట్నం, కోయ ఇలవేల్పుల కథను మోసే జెండా పడిగె. వీటితో పాటు గొల్లలకు కథ చెప్పే మందెచ్చుల కొయ్యబొమ్మలు, ఆడపడుచుల బతుకమ్మ. వీటిలో చాలావాటికి జనం వాడే మాట ఆట. బతుకమ్మ ఆడతారు, చిందు ఆడతారు, బొమ్మలు ఆడిస్తారు. పిల్లల ఆటకూ దేవుడి ముందు సాగే ఆటకూ తెలుగులో ఒకే మాట సరిపోయింది. ఈ ప్రాంతపు బొమ్మల చరిత్ర నిజానికి ఆ మాట చరిత్రే.

ఈ చరిత్రకు ఇప్పటి జిల్లాల సరిహద్దులు సరిపోవు. జనగామ తాలూకా ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండి, తరవాత వరంగల్‌లో చేరింది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి విడివిడి జిల్లాలయ్యాయి. పటాలకు పేరుపడ్డ చేర్యాల, పట్నాలకు పేరుపడ్డ కొమురవెల్లి జనగామను విడిచి సిద్దిపేట జిల్లాలోకి పోయాయి. సమ్మక్క, సారలమ్మ జాతరకు పేరుపడ్డ మేడారం మొదట భూపాలపల్లి జిల్లాలో ఉండి 2019లో ములుగు జిల్లాలోకి మారింది. పాటగాళ్లు తిరిగిన ఊళ్లు, వాళ్లకు పెట్టిన ఇళ్లు మాత్రం పాత వరంగల్ అంతటా పరుచుకుని ఉన్నాయి. అందుకని ఇక్కడ పాత హద్దులనే పట్టుకోవాలి.

అన్నిటికన్నా పాత బొమ్మలు రాతి మీద ఉన్నాయి. భూపాలపల్లి జిల్లా రేగొండ వైపు, రావులపల్లి, తిరుమలగిరి ఊళ్ల దగ్గర ఇసుకరాయి గుట్టలున్నాయి. జనం వాటిని పాండవుల గుట్టలంటారు. అక్కడి రాతి చిత్రాలు 1990లో వెలుగులోకి వచ్చాయి. ఎర్రరంగుతో గీసిన అడవిదున్న, జింక, పులి, చిరుత, విల్లు, బాణాలు, వలయాలు, చదరాలు ఆ గోడల మీద కనబడతాయి. అవన్నీ ఒక కాలానివి కావు. చరిత్రకు ముందటి వేటగాళ్ల గీతల పక్కనే, ఎన్నో వందల ఏళ్ల తరవాత ఎవరో వచ్చి పాండవులను చిత్రించారు. ఒకసారి బొమ్మ పడిన గోడ దగ్గరికి మనుషులు మళ్లీ మళ్లీ వచ్చారనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. అదే పాండవుల కథను పటం మీద విప్పి పాడే వాళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే తిరిగారన్నది కూడా గుర్తుంచుకోదగ్గ సంగతి.

కాకతీయుల ఓరుగల్లుకు వచ్చేసరికి బొమ్మ ఊరి వేడుకల్లో భాగమయింది. జనగామ జిల్లా పాలకుర్తి పాల్కురికి సోమనాథుడి ఊరు. ఆయన పండితారాధ్య చరిత్రలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనాన్ని వర్ణిస్తూ, తెరచాటు నుంచి భారత కథల బొమ్మలు ఆడించేవాళ్లను ప్రత్యేకంగా చెప్పాడు. తరవాత వినుకొండ వల్లభరాయడి క్రీడాభిరామం వచ్చింది. పేరులోనే ఆట ఉన్న ఆ కావ్యంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల వెంట ఒక రోజంతా తిరుగుతారు. పొట్టేళ్ల పోట్లాట, కోడిపందెం, పాములవాళ్ల ఆట, పూటకూళ్ల ఇల్లు అన్నీ చూస్తారు. ఆ తిరుగుడులోనే మాచల్దేవి అనే వేశ్య ఇంటి చిత్రశాల ప్రస్తావన వస్తుంది. దాని గోడల మీద దేవతల శృంగార కథలు. ఆ చిత్రశాల ప్రవేశానికి ఒక వేడుకే జరుగుతుంది. తెలుగు సాహిత్యంలో ఇంత వివరంగా కనబడే చిత్రశాల సందర్శనలు అరుదు. అందులో గమనించవలసింది ఒకటుంది. బొమ్మలను చూడటం ఆ ఇద్దరికీ వేరే గంభీరమైన పని కాదు. కోడిపందెం చూసిన కళ్లతోనే, అదే హుషారుతో గోడ మీది బొమ్మనూ చూశారు. ఓరుగల్లులో చిత్రకారుల ఇళ్లు 1500 ఉండేవని ఏకామ్రనాథుడి ప్రతాపరుద్ర చరిత్ర లెక్క చెబుతుంది. ఆ అంకెను ఉన్నదున్నట్టు నమ్మనక్కర్లేదు గానీ, అది ఒక వృత్తిగా నిలదొక్కుకుందని మాత్రం తెలుస్తుంది.

కాకతీయ రాజ్యం పోయింది. రాచనగరులో పని పోయిన చేతులు పల్లె కులాల దగ్గర పని వెతుక్కుని ఉండవచ్చు. పల్లె కులాల కోసం గీసిన బొమ్మ పటంగా మనకు మిగిలింది. పటాలు గీసేవాళ్లను నకాషోళ్లంటారు. నక్ష్ అనే ఫారసీ మాటకు బొమ్మ గీయడమనీ చెక్కడమనీ అర్థం. జనగామ పక్కనున్న పెంబర్తిలో ఇత్తడి రేకు మీద చేసే నగిషీ పని పేరు కూడా ఆ మాటలోంచి పుట్టిందే. దొరికిన తెలంగాణ పటాల్లో అన్నిటికన్నా పాతది 1625 నాటిదని పండితులు గుర్తించారు. హైదరాబాదులో జగదీశ్, కమలా మిట్టల్ దంపతులు ఏళ్ల తరబడి ఇలాంటి పటాలను సేకరించి, 1976లో ఏర్పాటైన తమ మ్యూజియంలో భద్రపరిచారు. వాళ్లు సేకరించకపోతే ఎన్నో పటాలు చరిత్రకు దొరక్కుండా పోయేవి. ఎందుకు పోయేవో చెప్పాలంటే పటం ఎలా బతికేదో చెప్పాలి.

పటానికి ముందు గుడ్డను సిద్ధం చేస్తారు. ఖద్దరు గుడ్డకు గంజి పెట్టి ఆరబెట్టి, దాని మీద సుద్దమన్ను, ఉడికించిన చింతగింజల అంబలి, చెట్టుజిగురు కలిపిన పూత పూస్తారు. ఒక పూత ఆరాక ఇంకొకటి. గుడ్డలోని సందులన్నీ మూసుకుపోయి, చుట్టినా పగలనంత సాగుగుణం దానికి రావాలి. ఈ పనిలో నేర్పంతా చింతగింజలో ఉంది. అంబలి పలచబడితే రంగు రాలుతుంది, చిక్కబడితే పటం చుట్టగానే పెళుసుబారి చిట్లుతుంది. రంగులు కూడా అప్పట్లో చేతితో నూరుకున్నవే. ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరిదళం, నీలానికి నీలిమందు, తెలుపుకు శంఖం పొడి, నలుపుకు దీపపు మసి. ఉడుత తోక వెంట్రుకలతో కుంచె కట్టుకుని, ముందుగా వేరే కాగితం మీద గీసుకోకుండా నేరుగా గుడ్డ మీదనే గీత లాగుతారు. బొమ్మల వెనక నిండా ఎరుపు పరుస్తారు. దీపాల వెలుగులో, దూరంగా నేల మీద కూర్చున్న ముసలివాళ్లకు కూడా మనిషి ఆకారం విడిగా కనబడాలంటే అంత ఎరుపు కావాలి.

అలా తయారైన పటం మూడడుగుల వెడల్పు ఉంటుంది. పొడవు నలభై అడుగులు దాటుతుంది. ఒకదాని కింద ఒకటిగా అరలు, అరకూ అరకూ నడుమ పూల పట్టీ. మొదటి అరలో వినాయకుడు, ఆ తరవాత సరస్వతి, ఆ కింద కథ. కథ పురాణమే అయినా ముఖాలు, కట్టుబొట్లు మాత్రం ఊరివే. ముని భార్య తెలంగాణ చీరకట్టులో ఉంటుంది. రాజుగారి కోట వెనక తాటిచెట్టు కనబడుతుంది. ఆ తాటిచెట్టు ఎక్కే మోకు, ముస్తాదు కూడా నకాషి మరిచిపోడు. రెండు మూడు వందల ఏళ్ల కిందటి తెలంగాణ సామాన్యులు ఏం కట్టుకున్నారో, ఏ పనిముట్లు పట్టుకున్నారో తెలుసుకోవాలంటే ఆస్థాన చిత్రాల కన్నా ఈ పటాలే ఎక్కువ చెబుతాయి.

పటం గీసినవాడికీ దాన్ని ఆడినవాడికీ నడుమ గట్టి విభజన ఉంది. నకాషి పాడడు, పాటగాడు గీయడు. ఒక్కొక్క కులానికి దాన్నే అడిగి బతికే కథకుల కులం ఒకటి ఉంది. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ చెబుతారు. గౌడులకు గౌడజెట్టీలు గౌడపురాణం, మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం. కథ ఏదైనా చివరికి వచ్చే విషయం ఒకటే: ఈ కులం ఎక్కడ పుట్టింది, దాని పనిముట్టును ఏ దేవుడు ఇచ్చాడు, దానికి లోకంలో ఉన్న గౌరవం ఏమిటి. రాసిన పురాణాల్లో తమకు చోటు దొరకని కులాలు ఇలా గుడ్డ మీద తమ పురాణాన్ని తామే రాయించుకున్నాయి. అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టిన మాదిగలకు జాంబపురాణం తమ పుట్టుకే అన్నిటికన్నా ముందటిదని చెప్పింది. ఈ ఒక్క కారణానికే పటాన్ని కేవలం వినోదమనుకోవడం పెద్ద పొరపాటవుతుంది.

ఆట రాత్రిపూట. రెండు గుంజల నడుమ అడ్డకర్ర కట్టి పటాన్ని వేలాడదీస్తారు. నలుగురైదుగురి మేళం, తాళాలు, డోలకు; తరవాతి కాలంలో హార్మోనియం కూడా వచ్చి చేరింది. ప్రధాన కథకుడు కర్రతో అరను చూపిస్తూ పాడుతుంటే, కథ సాగినకొద్దీ చుట్ట కిందికి విడుతుంది. అన్నీ ఒకేసారి చూపించరు. ఇంకా విప్పని చుట్టలో ఏముందోనన్న ఎదురుచూపే ఆటను రాత్రుల తరబడి నడిపిస్తుంది. ఏ ఊళ్లో ఏ ఇళ్లను అడగాలో కథకులకు మిరాశీ హక్కు. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకున్నట్టు ఊళ్లను కూడా పంచుకున్నారు. పటం మాత్రం ఇంటి దేవుడు. దానికి ధూపం వేయనిదే విప్పరు.

అందుకే పటం ముసలిదయితే పారేయరు, అమ్మరు. చినిగి, రంగు రాలి, ఇక ఆడలేనిదయ్యాక చనిపోయిన మనిషికి చేసినట్టు కర్మ జరిపి నదిలో కలుపుతారు. కొత్త పటానికి పూజ చేసి దాన్ని ఇంట్లోకి తెచ్చుకుంటారు. పాత పటాలు అరుదుగా దొరకడానికి కారణం ఇదే. తెలంగాణ చిత్రకళలో ఎంత భాగం గోదావరి, కృష్ణ నీళ్లలో కలిసిపోయిందో లెక్క కట్టలేం. దాన్ని నష్టమనుకోవడం మ్యూజియం చూపు. ఆడేవాళ్ల లెక్కలో అది పటానికి దక్కిన మంచి చావు.

గొల్లలకు చెప్పే మందెచ్చులది ఇంకో పద్ధతి. వాళ్లకు చుట్టపటం లేదు, కొయ్యబొమ్మలున్నాయి. తేలికైన పొణికి కర్రను చెక్కి, దాని మీద రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన ముద్ద అద్ది, నునుపు చేసి రంగులు వేసేవాళ్లు. ఆ పని కూడా చేర్యాల నకాషీలదే. యాభై దాకా బొమ్మలను పెట్టెలో మోసుకొచ్చి, కాటమరాజు కథలో ఎవరి వంతు వస్తే ఆ బొమ్మను తీసి జనం ముందు నిలబెడతారు. పుల్లరి తగాదాలో నెల్లూరి మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కనకూ యాదవులకూ జరిగిన 13వ శతాబ్దపు యుద్ధం ఆ కథకు మూలం. గొల్లవాడల్లో ఆ యుద్ధం కొయ్యబొమ్మల నోట ఇన్ని వందల ఏళ్లు నడిచింది.

పట్నం కథ వేరు. దానికి గుడ్డ లేదు, కొయ్య లేదు. ఒగ్గు పూజారులు మల్లన్నకో బీరన్నకో పెళ్లి చేసే వేళ పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడి, బొగ్గుపొడి వేళ్ల సందుల్లోంచి రాల్చి నేల మీద పెద్ద ముగ్గు వేస్తారు. ఇంట్లో వేస్తే చిన్న పట్నం. కొమురవెల్లిలో శివరాత్రి నాటి రాత్రి వేసేది పెద్దపట్నం. గంటల తరబడి వేసిన ఆ పట్నాన్ని పూజ అయ్యాక తొక్కి దాటుతారు. వేలమంది భక్తులు ఆ రంగుపొడి కోసం ఎగబడతారు. నుదుట పెట్టుకుంటారు, కొంగున ముడివేసుకుని ఇంటికి పట్టుకుపోతారు. తెల్లారేసరికి పట్నం నేల మీద ఉండదు, జనం ఒంటి మీద ఉంటుంది. సంక్రాంతి తరవాత అదే కొమురవెల్లి జాతరలో హైదరాబాదు భక్తులు వచ్చే ఆదివారాన్ని పట్నం వారం అంటారు. ఆ పట్నం వేరు, ఈ పట్నం వేరు. ఒగ్గుకథ సంగతికొస్తే, లింగాల ఘనపురం మండలం మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య దాన్ని ఊరు దాటించి దేశమంతా వినిపించాడు. ఆయన 2017లో కన్నుమూశాడు.

పట్నంలా బొమ్మ చట్రం దాటి జనం కాళ్ల కిందికి రావడం పడమటి దేశాల్లో 20వ శతాబ్దం నడిమి తరవాత ఊపందుకుంది. 1961లో న్యూయార్క్‌లో అలన్ కాప్రో అనే కళాకారుడు ఒక గ్యాలరీ పెరట్లో పాత టైర్లు గుట్టలుగా పోసి, జనాన్ని వాటి మీద నడవమన్నాడు. 2006లో లండన్ టేట్ మోడర్న్‌లో కార్స్టెన్ హోలర్ అనే మరో కళాకారుడు పెద్ద జారుడుబండలు నిలబెడితే పెద్దవాళ్లు కూడా వరసలో నిలబడి జారారు. ఇలాంటి పనిని ఇన్‌స్టలేషన్ అంటున్నారు. కొంతకాలం నిలబెట్టి, జనాన్ని లోపలికి రానిచ్చి, ఆ తరవాత విప్పేయడం దాని పద్ధతి. 2012లో మొదలైన కొచ్చి బినాలే అనే కళా ప్రదర్శనతో ఈ మాట మన దేశంలో కూడా బాగా వినిపిస్తోంది. పైకి చూస్తే పెద్దపట్నానికీ దీనికీ తేడా లేదు. తేడా లోపల ఉంది. టైర్ల గుట్ట మీద నడవడం చూసేవాడి ఇష్టం. పట్నం తొక్కడం మొక్కు.

బతుకమ్మ గురించి తెలుగువాళ్లకు ఎక్కువ చెప్పనక్కర్లేదు. గునుగుపూలకు రంగులద్ది, తంగేడు, బంతి, కట్ల, సీతజడ పూలతో వరసలు పేర్చి, తొమ్మిదో నాడు సద్దుల బతుకమ్మను ఆడి నీళ్లలో వదులుతారు. నకాషి, ఒగ్గు పూజారి ఎవరూ అక్కర్లేకుండా ప్రతి ఇంటి ఆడమనిషీ తానే కట్టి, తానే ఆడి, తానే సాగనంపే బొమ్మ ఇది. 2014లో రాష్ట్ర పండుగ అయింది.

మహబూబాబాద్ నుంచి ఉత్తరానికి, గూడూరు, కొత్తగూడ, గంగారం మీదుగా అడవిలోకి పోతే పటం స్థానంలో పడిగె వస్తుంది. కోయల్లో మూడో గట్టు నుంచి ఏడో గట్టు దాకా గోత్రాల విభజన ఉంది. గట్టు గట్టుకూ వేల్పులున్నారు, వేల్పుకు పడిగె ఉంది. పొడవైన, కొస సన్నబడ్డ గుడ్డ మీద ఆ వంశపు వీరులు, జంతువులు, ఆయుధాలు, యుద్ధాలు బొమ్మలుగా కనిపిస్తాయి. డోలి కోయలు డోలు వాయిస్తూ, పడిగెలోని బొమ్మలను చూసి వంశ చరిత్రను పాటగా చదువుతారు. చదువుతారన్న మాట ఇక్కడ అలంకారం కాదు. లిపి లేని చోట పడిగె చరిత్ర గ్రంథం. సమ్మక్క, సారలమ్మ కాకతీయ సేనలతో పోరాడిన కథకు శిలాశాసనాలు వెతికేవాళ్లు ఈ గుడ్డను కూడా చదవడం నేర్చుకోవాలి. మణుగూరు వైపు కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో కన్నుమూశాడు. ఆయన జ్ఞాపకంలో ఉన్న కథలన్నీ రికార్డు కావడానికి ఆయన ఆయుష్షు చాలి ఉంటుందని చెప్పలేం.

పటం ఆట ఒక్కరోజులో ఆగలేదు. మిరాశీ ఇచ్చే కులాల పాత వృత్తులే చెదిరిపోయాయి. మగ్గం వదిలి సూరత్‌కో భివండికో వలసపోయిన పద్మశాలి ఇంటి ముందు కూనపులివాడు ఎవరి కోసం పటం విప్పాలి? సినిమా వచ్చింది, ఆ తరవాత టీవీ ఇంట్లోకే వచ్చింది. కొత్త పటం చేయించేవాడు లేక నకాషీల కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. చేర్యాలలో ధనాలకోట ఇంటివాళ్లు ఆ పని వదలకుండా పట్టుకున్నారు. 1970ల తరవాత హస్తకళల సంస్థల ప్రోత్సాహంతో పటం ముక్కలయింది. నలభై అడుగుల కథ ఒక్క అరగా, చట్రంలో ఇమిడే బొమ్మగా మారింది. పురాణం తగ్గి పల్లె బతుకు పెరిగింది: కల్లు గీత, దంపుడు, బతుకమ్మ, పెళ్లి ఊరేగింపు. నూరిన రంగుల చోట సీసా రంగులొచ్చాయి. కొబ్బరి చిప్ప మీద చింతగింజల ముద్ద అద్ది చేసే ముఖాలు డ్రాయింగ్ రూములకు చేరాయి. పెంబర్తి నగిషీ కూడా ఈ దారిలోనే నడిచింది. గుడి రథానికి, ధ్వజస్తంభానికి తొడుగు చేసిన చేతులు సన్మాన సభల జ్ఞాపికలు చేస్తున్నాయి. చేర్యాల బొమ్మలకూ పెంబర్తి పనికీ భౌగోళిక గుర్తింపు దక్కింది. దీన్ని దిగజారుడు అనడం అన్యాయం. ఆ మార్పు రాకపోతే చింతగింజల పూత ఎంత చిక్కగా ఉండాలో తెలిసిన చెయ్యే మిగిలేది కాదు.

తెలంగాణ ఏర్పడ్డాక ఆచార్య జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ దశాబ్దాలుగా సేకరించిన జానపద, గిరిజన కళాఖండాలు ఆద్యకళ పేరుతో హైదరాబాదు మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ప్రదర్శనకు వచ్చాయి. పటాలు, పడిగెలు, వాద్యాలు, కొయ్యబొమ్మలు ఒకే కప్పు కింద నిలిచాయి. నగరంలోని పిల్లలకు వాటన్నిటినీ ఒకచోట చూసే దారి అంతకు ముందు అంతగా లేదు. కానీ మామూలు గ్యాలరీ గోడకు పటం సరిపడదు. నలభై అడుగుల గుడ్డను నిలువునా వేలాడదీసే ఎత్తు గోడకు ఉండదు. పైకొస, కిందికొస చుట్టి నడిమి నాలుగైదు అరలు తెరిచి పెట్టాల్సి వస్తుంది. ఎప్పుడూ పైనుంచి కిందికి విడుతూ బతికిన కథ అక్కడ మధ్యలో ఆగిపోతుంది. కర్ర పట్టుకున్నవాడు పక్కన ఉండడు. పటాన్ని గ్యాలరీలో పెట్టే రోజున కనీసం ఒక్క పూటైనా కథకుల మేళాన్ని పిలిచి, విప్పించి, పాడించాలి. రక్షణ కోసం అసలు పటాన్ని ముట్టనివ్వకపోతే, దానికి నకలు నకాషి చేతనే గీయించవచ్చు. దాంతో నకాషికి చుట్టపటం పని దొరుకుతుంది, కథకుడికి ఆట దొరుకుతుంది.

గ్యాలరీ గోడ మీద ఆగిపోయే అవస్థ పడిగెకు ఇంకా పూర్తిగా రాలేదు. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి మేడారం జాతర వచ్చినప్పుడు మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి సమ్మక్క భర్త పగిడిద్దరాజును పూజారులు కాలినడకన తీసుకుపోతారు. అడవి దారి వెంట డోలు మోగుతుంది, వేల్పుల గుర్తులు ముందు నడుస్తాయి, దారిలోని ఊళ్ల వాళ్లు కాళ్లకు నీళ్లు పోస్తారు. కన్నెపల్లి నుంచి సారలమ్మ, కొండాయి నుంచి గోవిందరాజు, చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణెగా సమ్మక్క గద్దెల మీదికి చేరుకుంటారు. జాతర అయిపోగానే ఎవరి వేల్పులు వాళ్ల ఊరికి, చెట్టుకు, గుట్టకు తిరిగి వెళ్లిపోతాయి. మళ్లీ రెండేళ్ల దాకా గద్దెల మీద అవి కనబడవు.